పిడుగుని స్కేలు పెట్టి కొలిచిన మాస్టారు: హై వోల్టేజ్ మీటర్ వెనక ఉన్న కథ

ఈ ఎపిసోడ్ నేను ప్లాన్ చేసుకున్నది కాదు. పోయిన వారం ఒక తమ్ముడు నాకో వీడియో పంపాడు. పాత డబ్బా టీవీ వెనక మూత ఊడదీసి ఉంది. టీవీ ఆన్‌లోనే ఉంది. చేతిలో పసుపు రంగు మల్టీమీటర్, మన హాస్టల్ రూముల్లో అందరి దగ్గరా ఉండేదే. నాబ్ 1000 వోల్టుల మీద పెట్టాడు. ఎర్ర ప్రోబ్‌ని పిక్చర్ ట్యూబ్ మీద ఉండే రబ్బరు కప్పు కిందకి తోయడానికి రెడీగా ఉన్నాడు. కింద మెసేజ్: "అన్నా, ఇక్కడ ఎన్ని వోల్టులు ఉంటాయో కొలిచి చూపిస్తా, షార్ట్ చేద్దామా?"

షార్ట్ అనే మాట ఇక్కడ రెండు అర్థాల్లోనూ కరెక్టే, అది వేరే విషయం.

వెంటనే ఫోన్ చేశాను. అదృష్టం, ఇంకా పెట్టలేదు. కలర్ టీవీలో ఆ రబ్బరు కప్పు కింద సుమారు 20 నుంచి 25 కిలోవోల్టులు ఉంటాయి. అంటే ఆ మీటర్ తట్టుకోగలిగినదానికి ఇరవై, ఇరవై ఐదు రెట్లు. గాలిలో స్పార్క్ దూకడానికి సెంటీమీటర్‌కి దాదాపు 30 కిలోవోల్టులు కావాలి. మొనదేలిన వస్తువులైతే అంత కూడా అక్కర్లేదు. మీటర్ లోపల రెండు ట్రాక్‌ల మధ్య గ్యాప్ ఎంత? కొన్ని మిల్లీమీటర్లు. ప్రోబ్ వైరు ఇన్సులేషన్ ఎంత మందం? ఒక మిల్లీమీటర్ ఉంటే గొప్ప. వైరు పట్టుకున్న చెయ్యి మటుకు అతనిది.

"మరి ఇది ఎలా కొలుస్తారు అన్నా?" అని అడిగాడు. ఆ ప్రశ్న తప్పు కాదు. అదే ప్రశ్న అడిగిన ఒక ప్రొఫెసర్ 1753లో మీటర్ ముందు నిలబడే చనిపోయాడు. ఈ రోజు కథ ఆయనతోనే.

కానీ ఆయన దగ్గరికి వెళ్లే ముందు, అప్పట్లో కరెంటుని ఎలా కొలిచేవాళ్లో చూడాలి. చెప్తే నమ్మరు, ఒంటితో కొలిచేవాళ్లు. 1746లో లైడెన్ ఊర్లో ముషెన్‌బ్రూక్ అనే ప్రొఫెసర్ గాజు సీసాలో విద్యుత్తు నిల్వ చేయడం కనిపెట్టాడు. దాని రుచి ఆయన మనుషులూ ఆయనా చూశారు. ఫ్రాన్స్ రాజ్యం రాసిచ్చినా మళ్లీ ఆ పని చేయనని ఉత్తరం రాశాడు. అదే ఏడాది ఫ్రాన్స్‌లో నొలే అనే ఆయన రాజుగారి ముందు 180 మంది సైనికుల్ని చేతులు పట్టించి నిలబెట్టి, ఆ సీసా షాక్ వాళ్లందరిలోంచి పంపించాడు. అందరూ ఒకేసారి ఎగిరారు. రాజుగారికి భలే నచ్చిందంట. ఎగిరిన వాళ్లకి ఎలా అనిపించిందో మాత్రం ఎవరూ రాయలేదు.

తర్వాత బెంజమిన్ ఫ్రాంక్లిన్ ఒక ఐడియా ఇచ్చాడు: మబ్బుల్లో మెరిసేదీ ఈ సీసాలో మెరిసేదీ ఒకటే అయితే, ఎత్తుగా ఒక ఇనప కడ్డీ నిలబెట్టి చూడండి అని. ముందుగా చేసి చూపించింది ఫ్రాన్స్ వాళ్లు. 1752 మే 10న, మార్లీ అనే పల్లెటూర్లో, 40 అడుగుల కడ్డీ. అది నేలకి తగలకుండా కింద మూడు ఖాళీ వైన్ సీసాల మీద పలక వేసి నిలబెట్టారు. ఆ ప్రయోగం ఏర్పాటు చేసిన దాలిబార్ ఆ రోజు ఊర్లో లేడు. కాపలాకి పెట్టిన కొయిఫియే అనే రిటైర్డ్ సైనికుడే ఉరుము వినగానే పరిగెత్తుకెళ్లి, గాజు సీసాలో బిగించిన ఇత్తడి తీగని కడ్డీ దగ్గరికి పెట్టాడు. చిటపటా నిప్పురవ్వలు. ఊరి ఫాదర్‌గారు పరిగెత్తుకొచ్చారు. ఆయన పరుగు చూసి జనం, కొయిఫియే పోయాడనుకుని వడగళ్ల వానలో వెనకాలే పరిగెత్తారు. ఫాదర్‌గారు కూడా ఆ తీగ తీసుకుని ప్రయోగం చేసి, చేతి మీద ఒక దెబ్బ కూడా తిన్నారు.

ఆ గాజు సీసా హ్యాండిల్‌ని గుర్తుపెట్టుకోండి. నా లెక్కలో అది హై వోల్టేజ్ ప్రోబ్‌కి ముత్తాత.

ఇప్పుడు సెయింట్ పీటర్స్‌బర్గ్ వెళ్దాం. రష్యా సైన్స్ అకాడమీలో గియోర్గ్ విల్‌హెల్మ్ రిచ్‌మన్ అని ఫిజిక్స్ ప్రొఫెసర్. ఈయనకి నిప్పురవ్వలు చూసి చప్పట్లు కొట్టడం సరిపోలేదు. ఎంత అని తెలియాలి. నెంబర్ కావాలి. మనలాంటివాడే! దానికోసం ఒక పరికరం చేశాడు: నిలువుగా ఒక లోహపు పట్టీ, దానికి వేలాడే ఒక నార దారం, వెనక కోణాలు గుర్తుపెట్టిన స్కేలు. పట్టీకి విద్యుత్తు ఎక్కితే దారం దానికి దూరంగా లేస్తుంది. ఎంత ఎక్కువ ఎక్కితే అంత పైకి. ఇంటి కప్పు మీద ఇనప కడ్డీ, అక్కడి నుంచి తీగ లోపలికి, ఆ తీగ చివర ఈ పరికరం.

1753 ఆగస్టు 6. రిచ్‌మన్ అకాడమీ మీటింగ్‌లో ఉన్నాడు. దూరంగా ఉరుము వినిపించింది. లేచి ఇంటికి పరుగు. వెంట సొకొలోవ్ అనే చిత్రకారుణ్ణి తీసుకెళ్లాడు, పరికరం పనిచేస్తుంటే బొమ్మ గీయించుకోవచ్చని. ఇవాళైతే కెమెరామన్‌ని తీసుకెళ్లినట్టు. రిచ్‌మన్ దారం ఎంత లేచిందో చూడటానికి వంగాడు. తల కడ్డీకి ఒక అడుగు దూరంలో ఉంది. పిడికిలంత నీలం నిప్పు బంతి కడ్డీలోంచి ఆయన నుదుటి మీదకి దూకింది. అక్కడికక్కడే ప్రాణం పోయింది. నుదుటి మీద ఎర్ర మచ్చ, ఒక బూటు చిరిగిపోయింది, తలుపు ఊడిపడింది. సొకొలోవ్ కింద పడ్డాడు కానీ బతికాడు.

అదే టైమ్‌లో, అదే ఊర్లో, ఇంకో శాస్త్రవేత్త లొమొనోసొవ్ తన ఇంట్లో ఇలాంటి కడ్డీ దగ్గరే నిలబడి ఉన్నాడు. చెయ్యి ఇనుము మీదే ఉంది, రవ్వలు వస్తున్నాయి. ఒక్కసారిగా పెద్ద ఉరుము. ఇంట్లోవాళ్లు పారిపోయారు. భార్య వచ్చెయ్యమని బతిమాలింది. ఇంకో రెండు మూడు నిమిషాలు అక్కడే ఉన్నాడు. క్యాబేజీ చారు చల్లారిపోతోంది రమ్మని పిలిస్తే, అప్పటికి రవ్వలు కూడా తగ్గాయని వెళ్లి భోజనానికి కూర్చున్నాడు. కొద్ది నిమిషాలకే రిచ్‌మన్ ఇంటి మనిషి ఏడుస్తూ లోపలికి వచ్చాడు. ఇదంతా లొమొనోసొవ్ ఆ రోజే ఒక ఉత్తరంలో రాశాడు. రిచ్‌మన్ భార్యాపిల్లలకి ఏదో ఒక ఆధారం చూపించమని అడిగాడు. ఈ చావుని అడ్డం పెట్టుకుని సైన్స్ మీద పడకుండా చూడమనీ అడిగాడు.

ఈ ఉత్తరం సంగతి తెలిసినప్పటి నుంచి నాకు ఆ చారు గిన్నె మర్చిపోవడం కుదరట్లేదు.

సరే, రిచ్‌మన్ తప్పు ఎక్కడుంది? చాలామంది "పిడుగు టైమ్‌లో ఎవడు చేయమన్నాడు" అంటారు. అది తేలిక మాట. అసలు విషయం చూడండి. ఆయన కడ్డీకి ఎర్త్ లేదు. కావాలనే ఇవ్వలేదు. ఎర్త్ ఇస్తే విద్యుత్తు అంతా భూమిలోకి పోతుంది, దారం లేవదు, కొలవడానికి ఏమీ మిగలదు. ఇవ్వకపోతే కొలత వస్తుంది, కానీ పిడుగు పడితే అది భూమికి చేరడానికి దారి వెతుక్కుంటుంది. ఆ గదిలో నేలకి దగ్గర దారి రిచ్‌మన్ ఒళ్లే.

ఇదే సమస్యని ఫ్రాంక్లిన్ ఫిలడెల్ఫియాలో తన ఇంట్లో ఇంకోలా చేశాడు. కప్పు మీద కడ్డీ, దాని తీగ మెట్ల పక్క నుంచి దిగి బావి పంపు దాకా, అంటే భూమి దాకా వెళ్తుంది. మధ్యలో ఒక చోట తీగని తెంపి, ఆరు అంగుళాల గ్యాప్ వదిలి, అటో గంట ఇటో గంట పెట్టాడు. మబ్బు వస్తే మధ్యలో చిన్న గుండు ఊగి గంటలు మోగుతాయి. పెద్దది వస్తే ఆ గ్యాప్ దూకి నేరుగా భూమిలోకి పోతుంది. ఎవరూ వంగి చూడక్కర్లేదు. ఆయన కొలిచినది రిచ్‌మన్ కొలిచినంత సూక్ష్మం కాదు, ఒప్పుకుంటాను. కానీ దారి ముందు భూమికి వేశాడు, కొలత తర్వాత పెట్టుకున్నాడు.

రిచ్‌మన్ పోయాక కూడా ఒంటితో కొలవడం ఆగలేదు. ఇంగ్లండ్‌లో హెన్రీ కావెండిష్ ఉన్నాడు, మహా మొహమాటస్థుడు, మనుషులతో మాట్లాడటమే కష్టం ఆయనకి. రెండు వస్తువుల్లో ఏది విద్యుత్తుని బాగా పోనిస్తుందో తెలుసుకోవడానికి, రెండిటిలోంచీ షాక్ తనే తీసుకుని, ఏది గట్టిగా కొట్టిందో పోల్చేవాడు. అలా చేసి ఓమ్ కంటే చాలా ముందే ఓమ్ సూత్రం అంచు దాకా వెళ్లాడు. ఎవరికీ చెప్పలేదు. 1879లో మాక్స్‌వెల్ ఆ కాగితాలు అచ్చు వేయించాకే లోకానికి తెలిసింది.

మీరు నవ్వుతున్నారేమో. మీ ఇంట్లో స్క్రూడ్రైవర్ లాంటి టెస్టర్ ఉందా? స్విచ్ బోర్డులో పెట్టి, వెనక బొటనవేలు ఆనిస్తే లోపల ఎర్ర లైటు వెలుగుతుంది. ఆ సర్క్యూట్ పూర్తవుతున్నది మీ ఒంట్లోంచే. కావెండిష్ ఇంకా మన ఇళ్లలోనే ఉన్నాడు! మరి షాక్ ఎందుకు కొట్టదు? లోపల చిన్న రెసిస్టర్ ఉంటుంది, దాదాపు ఒక మెగా ఓమ్, అంటే పది లక్షల ఓమ్‌లు. 230 వోల్టుల్ని దానితో భాగిస్తే పావు మిల్లీఆంప్ కూడా రాదు. మనకి తెలియను కూడా తెలియదు. ఆ రెసిస్టర్ పోయిన టెస్టర్ ఏమవుతుందో మాత్రం ఆలోచించుకోండి. పది రూపాయల టెస్టర్ మీద ప్రాణం పెట్టే ముందు.

ఆ తర్వాత వందేళ్ల కథ త్వరగా చెప్పేస్తా. కెల్విన్ రెండు పలకల మధ్య లాగుడు బలాన్ని తూచి వోల్టేజ్ కొలిచాడు. 1881 పారిస్ సభలో వోల్టు అనే కొలత అంతర్జాతీయంగా ఖాయమైంది. 1888లో అమెరికాలో వెస్టన్ కంపెనీ పెట్టి, చేత్తో పట్టుకెళ్లగలిగే సూది మీటర్లు అమ్మాడు. 1923లో బ్రిటన్ పోస్టాఫీసు ఇంజనీర్ డోనాల్డ్ మెకాడీ, పది రకాల మీటర్లు మోయలేక, ఆంప్‌లూ వోల్టులూ ఓమ్‌లూ అన్నీ ఒకే డబ్బాలో కొలిచే ఆవోమీటర్ తెచ్చాడు. మన మల్టీమీటర్ అక్కడి నుంచే. కానీ ఇవన్నీ వందల్లో, మహా అయితే వేలల్లో ఆగిపోతాయి. లక్షల వోల్టులు వచ్చినప్పుడు ఏం చేశారంటే, మళ్లీ గాలినే నమ్ముకున్నారు. రెండు నున్నటి లోహపు గోళాలు ఎదురెదురుగా పెట్టడం, గ్యాప్ తగ్గిస్తూ రావడం, ఎక్కడ స్పార్క్ దూకిందో చూసి టేబుల్‌లో వోల్టేజ్ చదవడం. 1913లో చబ్, ఫోర్టెస్క్యూ అనే ఇద్దరు ఇంజనీర్లు దీని క్యాలిబ్రేషన్ ప్రచురించారు. హై వోల్టేజ్ ల్యాబుల్లో ఈ గోళాలు ఇప్పటికీ కనిపిస్తాయి.

ఇది విన్నప్పుడు నాకు మా బాబాయి గుర్తొస్తాడు. ఆయనకి టీవీ రిపేర్ షాపు ఉండేది. నా స్కూల్ రోజుల్లో సెలవులన్నీ అక్కడే. టీవీలో ఈహెచ్‌టీ వస్తోందా లేదా అని చూడాలంటే ముందు ముంజేతి వెంట్రుకలు స్క్రీన్ దగ్గర పెట్టేవాడు. లేచి నిలబడితే వస్తోందన్నమాట. రిచ్‌మన్ దారమే కదా అది! ఇంకా డౌటుంటే ప్లాస్టిక్ పిడి ఉన్న పొడుగు స్క్రూడ్రైవర్‌తో రబ్బరు కప్పు దగ్గర నీలం స్పార్క్ లాగేవాడు. స్పార్క్ పొడుగు చూసి "ఎల్‌ఓటీ బానే ఉందిరా" అనేవాడు. చబ్, ఫోర్టెస్క్యూల పేర్లు ఆయనకి తెలియవు, కానీ చేసింది అదే పని, టేబుల్ లేకుండా, ఎర్త్ లేకుండా.

ఒక రోజు స్విచ్ ఆఫ్ చేసిన టీవీలో ట్యూబ్ ఊడదీస్తుంటే కొట్టింది. ఆఫ్ చేశాక కూడా ఆ గాజు ట్యూబ్ లైడెన్ సీసాలాగే చార్జ్ పట్టుకుని ఉంటుంది. ఒకసారి ఖాళీ చేసినా కాసేపటికి కొంత మళ్లీ తేలుతుంది. షాక్‌కి ఏమీ కాలేదు. చెయ్యి వెనక్కి విసిరికొట్టుకుని వెనకున్న షోకేస్ అద్దంలోకి దూరింది. పదకొండు కుట్లు. ఆ మచ్చ ఇప్పటికీ ఉంది. నేను ఆ రోజు స్టూలు మీద కూర్చుని ఉన్నాను, నాకు తొమ్మిదేళ్లు.

మరి సరైన పద్ధతి ఏంటి? సాధారణ మల్టీమీటర్‌తోనే 25 కిలోవోల్టులు కొలవచ్చు. కానీ మీటర్‌కి ఆ 25 కిలోవోల్టులు చూపించకూడదు. అలిపిరి మెట్ల దారి ఉంది కదా, దాదాపు 3,550 మెట్లు. అన్నీ ఒకే ఎత్తు అనుకుందాం. కొండ ఎత్తు తెలియాలంటే కొండంత టేపు అక్కర్లేదు. అట్టడుగు మెట్టు ఒక్కటి కొలిచి 3,550తో గుణిస్తే చాలు. హై వోల్టేజ్ ప్రోబ్ చేసేది ఇదే. పొడవాటి ప్లాస్టిక్ పిడి లోపల 999 మెగా ఓమ్‌ల రెసిస్టర్, కింద ఒక్క మెగా ఓమ్. మీటర్‌ని ఆ కింది ఒక్క మెట్టు మీద పెడతాం. 24 కిలోవోల్టులుంటే మీటర్‌కి తెలిసేది 24 వోల్టులు. లాగే కరెంటు 24 మైక్రోఆంప్‌లు. పిడి మీద చిప్పలు చిప్పలుగా అంచులుంటాయి, స్పార్క్ ఉపరితలం మీద పాకాల్సిన దూరం పెంచడానికి. చెయ్యి వాటికి ఇవతలే ఉండాలి. ఫ్లూక్ వాళ్ల 80కే-40 ఇలాంటిదే, వెయ్యికి ఒకటి భాగం, 40 కిలోవోల్టుల దాకా.

ఇక్కడో మెలిక. ఆ కింది ఒక్క మెగా ఓమ్ లెక్కలో మీ మీటర్ కూడా భాగం. ప్రోబ్ తయారుచేసినవాళ్లు మీటర్ 10 మెగా ఓమ్‌లు ఉంటుందని అనుకుని లోపల 1.11 మెగా ఓమ్ పెడతారు. రెండూ పక్కపక్కన కలిస్తే సరిగ్గా ఒకటి. చవక పసుపు మీటర్లు చాలావరకు ఒక మెగా ఓమే ఉంటాయి. దాన్ని తగిలిస్తే కింది మెట్టు సగానికి కుంగిపోతుంది. 24 కిలోవోల్టులున్న చోట దాదాపు 12.6 అని చూపిస్తుంది. మీటర్ కాలిపోదు, పొగ రాదు, నెంబర్ నీట్‌గా వస్తుంది, అబద్ధం వస్తుంది. సాఫ్ట్‌వేర్‌లో మేం ఎక్కువ భయపడేది ఎర్రర్ ఇచ్చే కోడ్‌కి కాదు, ఎర్రర్ ఇవ్వకుండా తప్పు జవాబిచ్చే కోడ్‌కి. దోమల బ్యాట్ మీద మీటర్ పెట్టి "ఇంతేనా" అనుకున్నవాళ్లకీ ఇదే జరిగింది. దాని సర్క్యూట్ బలహీనం, మీటర్ తగలగానే వోల్టేజ్ కుంగిపోతుంది.

రెండో మెలిక రిచ్‌మన్‌ది. ప్రోబ్‌కి ఒక ఎర్త్ క్లిప్ ఉంటుంది. అదే అట్టడుగు నేల. అది ముందు తగిలించాలి, చివర తీయాలి, పవర్ ఆఫ్‌లో ఉండగా తగిలించాలి. టీవీలో అయితే ట్యూబ్ బయటి నల్లపూతకి ఆనే అల్లిన తీగకి, ఏదో ఒక చాసిస్ ముక్కకి కాదు. ఆ క్లిప్ మధ్యలో ఊడితే మెట్లకి అడుగు లేదు. మీటరూ వైర్లూ మొత్తం పై వోల్టేజ్ వైపు లేస్తాయి, అక్కడి నుంచి ఎటు దూకాలో అటు దూకుతుంది. 1753లో ఆ గదిలో లేనిది ఈ ఒక్క క్లిప్పే.

ఇంకొకటి గట్టిగా చెప్పాలి. 40 కిలోవోల్టుల ప్రోబ్ ఉంది కదా అని వీధిలో 11 కేవీ లైన్ మీద పెట్టకూడదు. టీవీ వెనక వోల్టేజ్ ఎక్కువ, సరుకు తక్కువ. లైన్ వెనక పవర్‌హౌస్ మొత్తం ఉంది. సబ్‌స్టేషన్ వాళ్లు కూడా ప్రోబులు పెట్టరు. పీటీ అనే ట్రాన్స్‌ఫార్మర్ 11 కిలోవోల్టుల్ని 110 వోల్టులు చేస్తుంది. ప్యానెల్ మీద మీటర్ ముల్లు 11 కేవీ చూపిస్తుంటుంది కానీ దానికి వచ్చేది ఆ 110 వోల్టులే.

మీ మీటర్ మీద క్యాట్ 2, క్యాట్ 3 అని రాసి ఉంటుంది, అదీ ఇదే గొడవ. క్యాట్ 2 1000 వోల్టుల మీటర్‌నీ క్యాట్ 3 600 వోల్టుల మీటర్‌నీ రెండిటినీ 6000 వోల్టుల దెబ్బతోనే టెస్ట్ చేస్తారు. మొదటిదానికి ఆ దెబ్బ వెనక 12 ఓమ్‌ల అడ్డు, రెండోదానికి 2 ఓమ్‌లే. అంటే 500 ఆంప్‌లకీ 3000 ఆంప్‌లకీ తేడా. మెయిన్ బోర్డు దగ్గర 600 అని రాసినదే 1000 అని రాసినదానికంటే గట్టిది. ఏ పరీక్షకీ వెళ్లకుండా కేవలం అచ్చు వేయించుకున్న మీటర్లు బజార్లో ఎన్ని ఉన్నాయో నేను చెప్పలేను, మీ మీటర్ విప్పి ఫ్యూజ్ చూడండి, చిన్న గాజు ఫ్యూజ్ ఉంటే మెయిన్ బోర్డు దగ్గరికి తీసుకెళ్లకండి.

పోయిన ఆదివారం ఒక ప్రోబ్ అరువు తెచ్చుకుని బాబాయి దగ్గరికి వెళ్లాను. షాపు ఎప్పుడో మూసేశాడు, వెనక గదిలో ఒక 21 అంగుళాల టీవీ ఇంకా బతికుంది. పవర్ తీసి, క్లిప్ ఆయనే బిగించాడు, రెండుసార్లు లాగి చూశాడు. ప్రోబ్ పెట్టి, ఎడమ చెయ్యి జేబులో పెట్టుకుని, అప్పుడు నన్ను స్విచ్ వేయమన్నాడు. మీటర్ మీద 23.4 అని వచ్చింది. ముంజేతి వెంట్రుకల వైపు చూసుకుని, "ఇరవై మూడంటే ఇలా ఉంటుందన్నమాట" అన్నాడు.

వీడియో పంపిన తమ్ముడు టీవీ మూత మళ్లీ బిగించేశానని ఫొటో పంపాడు. ఒక స్క్రూ మిగిలిపోయిందంట. వచ్చే ఎపిసోడ్‌లో ఎర్త్ పిట్ గురించి మాట్లాడదాం, మీ ఇంట్లో అసలు ఉందో లేదో ఈలోపు పెద్దవాళ్లని అడగండి. ఉంటాను.